స్విచ్‌ల కాన్ఫిగరేషన్ మార్పిడి సేవ: ఫైలులో ఉన్నదంతా వచ్చింది, లేనిదే రాలేదు

విజయవాడకు కొద్ది దూరంలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కళాశాలలో నెట్‌వర్క్ బాధ్యత నాది. గత వేసవి సెలవుల్లో మా ప్రాంగణంలోని 40 స్విచ్‌లను (కంప్యూటర్లు, కెమెరాలు, ఫోన్లను కేబుళ్లతో నెట్‌వర్క్‌కు కలిపే పెట్టెలను) ఒక బ్రాండు నుంచి మరొక బ్రాండుకు మార్చాం. పాతవి సిస్కో కేటలిస్ట్‌లు: భవనాల్లో 2960-ఎక్స్ రకానివి 38, వేర్వేరు భవనాల్లో కోర్‌గా, అంటే మిగతా స్విచ్‌లన్నీ వచ్చి చేరే కేంద్రంగా, నిలబెట్టిన 3750-ఎక్స్‌లు రెండు. వాటి స్థానంలో వచ్చినవి జూనిపర్ ఈఎక్స్2300లు, కోర్‌లో ఈఎక్స్4600లు. పెట్టెలు కొనడం, రాక్‌లో బిగించడం మాకు కష్టమేమీ కాదు. ఎనిమిదేళ్లుగా ఒక్కొక్క పోర్టుకు ఒక్కొక్క అవసరం కొద్దీ చేర్చుకుంటూ వచ్చిన కాన్ఫిగరేషన్‌ను, అంటే స్విచ్ ఎలా నడవాలో చెప్పే ఆదేశాల జాబితాను, కొత్త పెట్టెల భాషలోకి తీసుకురావడమే అసలు పని. ఆ పనిని హైదరాబాద్‌లోని ఒక నెట్‌వర్క్ సేవల సంస్థకు అప్పగించాం. ఈ సమీక్ష ఆ సేవ గురించే. సంస్థ పేరు రాయడం లేదు. ఇటువంటి సేవను తీసుకోబోయే వారికి పేరుకంటే పని తీరు తెలియడం ముఖ్యమని నా అభిప్రాయం.

వారు ఇచ్చిన ఒప్పందం సరళంగానే ఉంది. పాత స్విచ్‌లలో షో రన్నింగ్-కాన్ఫిగ్ (నడుస్తున్న కాన్ఫిగరేషన్‌ను చూపే ఆదేశం) కొట్టి వచ్చిన పాఠాన్ని ఫైళ్లుగా పంపితే, ఐదు పనిదినాల్లో కొత్త స్విచ్‌కు సరిపోయే ఫైళ్లు తిరిగి పంపుతారు. మార్పిడి జరిగే రాత్రి ఒక ఇంజనీరు వచ్చి దగ్గర ఉంటాడు. ఆ తరువాత రెండు వారాలు ఫోనులో సాయం చేస్తారు. భవనాల్లోని స్విచ్‌కు 2,600 రూపాయలు, కోర్ స్విచ్‌కు 9,000, రాత్రి పనికి 12,000 చొప్పున రెండు రాత్రులు. 18 శాతం జీఎస్టీతో కలిపి మొత్తం 1,66,144 రూపాయలైంది. ఇద్దరు మనుషులు నెల రోజులు కూర్చుని చేయవలసిన పనికి ఈ ధర ఎక్కువని నేననుకోవడం లేదు.

మొదటి అడుగులోనే నాకు నచ్చని విషయం ఒకటి ఎదురైంది. ఫైళ్లను వాట్సాప్‌లో పంపమని అడిగారు. స్విచ్ కాన్ఫిగరేషన్ ఫైలు అంటే మన ఇంటి తాళాల గుత్తి లాంటిది. అందులో స్విచ్‌ను దూరం నుంచి గమనించే ఎస్‌ఎన్‌ఎంపీ కమ్యూనిటీ పదాలు, లాగిన్‌లను సరిచూసే రేడియస్ సర్వరు రహస్య పదాలు, నిర్వాహకుల పాస్‌వర్డ్‌ల ముద్రలు (హ్యాష్‌లు) ఉంటాయి. సిస్కోలో టైప్ 7 అని కనిపించే పాస్‌వర్డ్ గుప్తలిపి పేరుకే గుప్తం. దాన్ని తిప్పి చదివే చిన్న ప్రోగ్రాములు ఎక్కడైనా దొరుకుతాయి. అందువల్ల రహస్య పదాలన్నింటినీ తీసివేసి, వాటి చోట గుర్తులు పెట్టి, ఆ తరువాతే మా సొంత సర్వరు ద్వారా పంపాను. ఇలా తీసివేయమని సంస్థే అడిగి ఉండవలసింది. పైగా పాత పాస్‌వర్డ్‌లను కొత్త పెట్టెలోకి యథాతథంగా మోసుకుపోవడం సాధ్యమైనప్పుడు కూడా మంచి అలవాటు కాదు. పాత $1$ రకం ముద్రను జూనోస్ (జూనిపర్ స్విచ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్) అంగీకరిస్తుంది కాబట్టి పని జరిగిపోతుంది. కానీ దాని వెనుక ఉన్న కాలం చెల్లిన ఎండీ5 పద్ధతి కొత్త స్విచ్‌లో మరో పదేళ్లు బతుకుతుంది. ఇక్కడే తమాషా ఒకటుంది. సిస్కో ఫైలులో $9$ అని మొదలయ్యే పాస్‌వర్డ్ ఎస్‌క్రిప్ట్ పద్ధతిలో తయారైనది, వెనక్కు తిప్పడం అసాధ్యం. జూనిపర్ ఫైలులో అదే $9$ గుర్తుతో మొదలయ్యేది తేలికగా తిప్పి చదవగలిగే మారువేషం మాత్రమే. గుర్తు ఒకటే అయినా అర్థాలు ఉత్తర దక్షిణాలు.

తిరిగి వచ్చిన ఫైళ్లు శుభ్రంగా ఉన్నాయి. ప్రతి పోర్టు మీద మేము రాసుకున్న వివరణ, "సివిల్ బ్లాక్ రెండో అంతస్తు ప్రొజెక్టర్" వంటివి కూడా, అక్షరం పోకుండా వచ్చింది. వాటితోపాటు పంపిన ఎక్సెల్ పట్టిక ఈ సేవలో నాకు అన్నిటికంటే బాగా నచ్చింది. సిస్కోలో మొదటి పోర్టు గిగాబిట్‌ఈథర్‌నెట్ 1/0/1. జూనిపర్‌లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి అదే రంధ్రం జీఈ-0/0/0 అవుతుంది, నలభై ఎనిమిదోది జీఈ-0/0/47 అవుతుంది. ఈ ఒక్క అంకె తేడాను మనసులో లెక్క కట్టుకుంటూ చీకటి గదిలో నిచ్చెన మీద నిలబడి కేబుళ్లు మార్చేవాడు ఎక్కడో ఒకచోట తప్పక తడబడతాడు. పట్టికలో పాత పేరు, కొత్త పేరు, ప్యాచ్ ప్యానెల్ సంఖ్య, గది పేరు పక్కపక్కన ఉండడంతో, ఇంగ్లీషు అంతగా రాని మా ఎలక్ట్రీషియన్ కూడా ఒక మధ్యాహ్నంలో స్టిక్కర్లన్నీ అంటించేశాడు. ఈఎక్స్2300లో పైకి వెళ్లే పోర్టులో 10 గిగాబిట్ ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్ తగిలించే చిన్న మాడ్యూల్) పెడితే పేరు ఎక్స్ఈ-0/1/0 అనీ, 1 గిగాబిట్‌ది పెడితే జీఈ-0/1/0 అనీ మారుతుంది. మా హాస్టల్ వైపు ఇంకా పాత 1 గిగాబిట్ ఫైబరే ఉందని అడిగి తెలుసుకుని, ఆ మూడు స్విచ్‌లకు రెండు పేర్లతోనూ రాసి పంపారు. మేము అడగకుండానే వచ్చిన ఈ జాగ్రత్తకు పూర్తి మార్కులు వేస్తాను.

యాక్సెస్ లిస్టుల (ఏ ప్యాకెట్టును అనుమతించాలో, దేన్ని ఆపాలో చెప్పే జాబితాల) మార్పిడి కూడా చేయి తిరిగిన వారి పనే. విద్యార్థుల ల్యాబ్‌ల నుంచి పరీక్షల విభాగం సర్వర్లను కాపాడే 63 వరుసల జాబితా మాకు ఒకటుంది. సిస్కోలో 0.0.0.255 అంటూ తలకిందులుగా రాసే మాస్కును జూనిపర్‌లో /24 అని రాయడం ఏ స్క్రిప్టు అయినా చేస్తుంది. "ఎస్టాబ్లిష్డ్" (ముందే మొదలైన టీసీపీ సంభాషణకు చెందిన ప్యాకెట్టు) అన్న మాట దగ్గరే చాలామంది కాలు జారతారు. జూనోస్‌లో టీసీపీ-ఎస్టాబ్లిష్డ్ అని షరతు పెడితే, వచ్చింది నిజంగా టీసీపీ ప్యాకెట్టేనా అన్నది అది తనంతట తాను చూడదు. ప్రోటోకాల్ టీసీపీ అన్న వరుసను మనమే పక్కన రాయాలి. వీరు రాశారు. అంతకంటే సున్నితమైనది మరొకటి. పాత స్విచ్‌లలో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి స్విచ్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) ప్రవేశాన్ని వీటీవై (లాగిన్) వరుసల మీద యాక్సెస్-క్లాస్‌తో కట్టడి చేసుకున్నాం. జూనోస్‌లో దానికి సమానంగా ఎల్ఓ0 అనే అంతర్గత ఇంటర్‌ఫేస్ మీద ఫిల్టరు పెడతారు. అయితే ఆ ఫిల్టరు ఎస్‌ఎస్‌హెచ్‌ను ఒక్కదాన్నే కాక, స్విచ్ తన కోసం అందుకునే ప్యాకెట్లన్నింటినీ పరీక్షిస్తుంది. చివర రాయకపోయినా ఉండే "మిగతాదంతా పారేయి" అన్న నియమాన్ని గమనించకుండా మార్చితే దారులు పంచుకునే ఓఎస్‌పీఎఫ్ పొరుగులు, రెండు కోర్‌ల మధ్య నడిచే వీఆర్‌ఆర్‌పీ సందేశాలు ఒక్కసారిగా మూగబోతాయి. మా ఫైలులో ఎస్‌ఎస్‌హెచ్‌కు సంబంధించిన నియమాలు రెండూ రాసి, చివర మిగతావి అనుమతించు అని స్పష్టంగా రాశారు. నేను బాట్‌ఫిష్ అనే ఉచిత పరికరంతో పాత జాబితానూ కొత్త ఫిల్టరునూ పోల్చి చూశాను. ఒక్క తేడా కూడా దొరకలేదు.

ఫైలులో రాసి ఉన్న ప్రతిదానినీ ఇంత శ్రద్ధగా మార్చినవారు, ఫైలులో రాయని దాని దగ్గర వరుసగా బోల్తా పడ్డారు.

మొదటిది వీల్యాన్‌లు, అంటే ఒకే స్విచ్ మీద వేరువేరుగా నడిచే నెట్‌వర్క్ విభాగాలు. మా పాత నెట్‌వర్క్‌లో వీటీపీ వాడుకలో ఉండేది. కోర్‌లో ఒక వీల్యాన్ సృష్టిస్తే మిగతా స్విచ్‌లన్నింటిలోనూ అది తానే పుట్టేది. వీటీపీ సర్వరు, క్లయింటు పద్ధతుల్లో నడిచే స్విచ్ తన వీల్యాన్ జాబితాను ఫ్లాష్‌లోని వీల్యాన్.డ్యాట్ అనే వేరే ఫైలులో దాచుకుంటుంది, రన్నింగ్-కాన్ఫిగ్‌లో చూపదు. సంస్థ అడిగింది రన్నింగ్-కాన్ఫిగ్ ఒక్కటే. అందువల్ల వారి స్క్రిప్టు, ఆ స్విచ్‌లోని యాక్సెస్ పోర్టుల మీద కనబడిన సంఖ్యలను ఏరుకుని, వాటికి వీల్యాన్10, వీల్యాన్20 అని పేర్లు పెట్టింది. పేర్లు పోతే పోయాయి, మళ్లీ పెట్టుకోవచ్చు. అసలు ప్రమాదం దారిలో ఉన్న స్విచ్‌లలో దాగి ఉంది. మా హాస్టల్ స్విచ్‌లు మెకానికల్ బ్లాక్ స్విచ్ మీదుగా కోర్‌కు చేరతాయి. హాస్టల్ కెమెరాల వీల్యాన్ 70కి మెకానికల్ బ్లాక్‌లో ఒక్క పోర్టూ లేదు. అది ఆ స్విచ్ గుండా ట్రంకులో (అనేక వీల్యాన్‌లను మోసే లింకులో) సాగిపోతుంది, అంతే. పాత ఫైలులో ట్రంకు మీద అనుమతి జాబితా ఏదీ లేదు, ఎందుకంటే సిస్కోలో ఏమీ రాయకపోతే అన్నింటికీ అనుమతి ఉన్నట్టు. దానికి సరిగ్గా జూనిపర్‌లో మెంబర్స్ ఆల్ అని మార్చారు. కానీ ఆ "ఆల్" అంటే ఆ స్విచ్‌లో నిర్వచించిన వీల్యాన్‌లన్నీ అని అర్థం. 70ని అక్కడ ఎవరూ నిర్వచించలేదు. బల్ల మీద పరీక్షించేటప్పుడు నా కంటికీ ఇది అందలేదు. మొదటి రాత్రి రెండు గంటలకు హాస్టల్ కెమెరాల తెరలు నల్లబడ్డప్పుడు తెలిసింది. షో వీల్యాన్ బ్రీఫ్ ఫలితం కూడా పంపండి అని సంస్థ ఒక్క మాట అడిగి ఉంటే ఈ తిప్పలు తప్పేవి.

రెండోది గేట్‌వేల (ప్రతి వీల్యాన్ నుంచి బయటకు వెళ్లే ద్వారాల) వ్యవహారం. దీన్ని ముందే పట్టుకోగలిగాం. పాత కోర్‌లో, ఒకటి పడిపోతే రెండోది గేట్‌వేగా నిలబడే ఏర్పాటుకు హెచ్‌ఎస్‌ఆర్‌పీ ఉండేది, అది సిస్కో సొంతం. కొత్తదానిలో అందరికీ చెందిన వీఆర్‌ఆర్‌పీ. మా ఆరు గేట్‌వేలలో ఒకదానికి ఎప్పుడో ఎవరో గ్రూపు సంఖ్య ఇవ్వకుండా వదిలేశారు. సిస్కో దాన్ని గ్రూపు 0గా తీసుకుంది. వీఆర్‌ఆర్‌పీలో సంఖ్యలు 1 నుంచి మొదలవుతాయి. స్క్రిప్టు 0ను 0గానే దించింది, ఫైలు చదువుతుండగానే అది నా కంటపడింది. ఇటువంటి తప్పు మంచి తప్పు, ఎందుకంటే అది కేక వేసి చెబుతుంది. నోరు మెదపని తప్పు దాని పక్కనే ఉంది. హెచ్‌ఎస్‌ఆర్‌పీలో ప్రీఎంప్ట్ అని రాయకపోతే, పడిపోయి లేచిన మొదటి కోర్ తన పెద్దరికాన్ని వెనక్కు లాక్కోదు. వీఆర్‌ఆర్‌పీలో ఏమీ రాయకపోతే లాక్కుంటుంది. రీబూటైన కోర్ తన పైదారులు సిద్ధం కాకముందే గేట్‌వేగా కూర్చుంటే ఆ కొద్దిసేపు ప్రాంగణమంతా గోడతో మాట్లాడినట్టే. నో-ప్రీఎంప్ట్ చేర్చమని నేను రాసి పంపితే అదే రోజు చేర్చి పంపారు.

ఇదే వరుసలో చిన్న ముచ్చట. హెచ్‌ఎస్‌ఆర్‌పీ ఉమ్మడి చిరునామా పింగ్‌కు జవాబిస్తుంది. జూనోస్‌లో వీఆర్‌ఆర్‌పీ ఉమ్మడి చిరునామా, యాక్సెప్ట్-డేటా అని రాస్తే తప్ప, పింగ్‌కు పలకదు. ప్యాకెట్లను మాత్రం నిక్షేపంగా దాటిస్తుంది. మార్పిడి తరువాతి సోమవారం ఉదయం మా ల్యాబ్ సహాయకులు ముగ్గురు వరుసగా ఫోను చేసి గేట్‌వే పోయిందన్నారు. "నెట్ వస్తోందా అండీ?" అని అడిగితే, "నెట్ వస్తోంది సార్, గేట్‌వే మాత్రం పోయింది" అన్నారు. ఒక వరుస చేర్చి గేట్‌వేను బతికించాను.

అసలు దెబ్బ మొదటి రాత్రి పదకొండున్నరకు తగిలింది. పరిపాలనా భవనంలో కొత్త స్విచ్ పెట్టాం, కేబుళ్లు మార్చాం, ఇంజనీరు లోడ్ ఓవర్‌రైడ్‌తో ఫైలు ఎక్కించి కమిట్ (అమలు) చేశాడు. కంప్యూటర్లు వెంటనే వచ్చాయి. వైఫై యాక్సెస్ పాయింట్లు పద్నాలుగు, కెమెరాలు తొమ్మిది రాలేదు. అతను వీల్యాన్‌లు చూశాడు, ట్రంకు చూశాడు, చిరునామాలు తెచ్చిచ్చే డీహెచ్‌సీపీ రిలే చూశాడు, అరగంట గడిచింది. నేను కుర్చీ ఎక్కి సీలింగు కింద ఉన్న యాక్సెస్ పాయింటును దగ్గర నుంచి చూస్తే దానిలో దీపమే లేదు. ఆ పెట్టెకు కరెంటే అందడం లేదు. సెట్ పీఓఈ ఇంటర్‌ఫేస్ ఆల్ (పీఓఈ అంటే నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు ఇవ్వడం) అని ఒక్క వరుస రాయగానే ఇరవై మూడు పరికరాలూ కళ్లు తెరిచాయి. అప్పుడు ఆ కుర్రవాడు కొంచెం నొచ్చుకుంటూ, "సార్, పాత ఫైల్లో పవర్ గురించి ఒక్క లైనూ లేదు కదా, లేనిది మేమెలా మారుస్తాం?" అన్నాడు.

అతను చెప్పింది నిజమే, సంస్థ పనిలోని లోపమంతా కూడా ఆ మాటలోనే ఉంది. పీఓఈ స్విచ్‌లో కరెంటు ఇవ్వడం సిస్కోకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ అలవాటును ఫైలులో రాయదు. జూనిపర్ స్విచ్ కూడా కర్మాగారం నుంచి వచ్చేటప్పుడు అన్ని పోర్టులకూ కరెంటు ఇచ్చే స్థితిలోనే వస్తుంది, కానీ ఆ సంగతి దాని మొదటి కాన్ఫిగరేషన్‌లో ఒక వరుసగా రాసి ఉంటుంది. ఓవర్‌రైడ్ అంటే ఉన్నదంతా తుడిచి కొత్తది పెట్టడం. ఆ తుడుపులో కరెంటు వరుసతోపాటు పొరుగు పరికరాలను గుర్తించే ఎల్‌ఎల్‌డీపీ వరుస కూడా పోయింది. పాత వాటిలో ఆ పని సీడీపీ చేసేది, అదీ రాయకుండానే నడిచేది. కాబట్టి దానికి బదులుగా ఏదైనా పెట్టాలన్న ఆలోచన స్క్రిప్టుకు రాలేదు. ఫలితంగా ప్రిన్సిపాల్ గారి గదిలోని ఐపీ ఫోను తన వాయిస్ వీల్యాన్‌ను తెలుసుకునే దారి లేక మామూలు వీల్యాన్‌లో కూర్చుంది. మల్టీకాస్ట్ (ఒకేసారి చాలామందికి పంపే) వీడియోను అడిగిన పోర్టులకే పంపే ఐజీఎంపీ స్నూపింగ్‌దీ అదే కథ: సిస్కోలో ప్రతి వీల్యాన్ మీదా రాయకుండానే ఉంటుంది, జూనిపర్‌లో మన వీల్యాన్‌లకు మనం రాయాలి. రాయకపోతే ఏదీ ఆగిపోదు. మల్టీకాస్ట్ వీడియో మాత్రం ఆ వీల్యాన్‌లోని ప్రతి పోర్టుకూ వరదలా పారుతుంది. స్మార్ట్ తరగతి గదుల వీల్యాన్ బరువెక్కినట్టు వారం తరువాత గ్రాఫులు చూస్తే గాని నాకు తెలియలేదు.

షో రన్నింగ్-కాన్ఫిగ్ ఆల్ అన్న ఆదేశం ఇటువంటి రాయని అలవాట్లలో చాలా వాటిని బయటకు రప్పిస్తుంది. ఫైలు అనేక రెట్లు పెరుగుతుంది, చదవడం విసుగు, కానీ మార్పిడి చేసేవారు మొదట అడగవలసింది దాన్నే. దానితోపాటు షో పవర్ ఇన్‌లైన్, షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్, షో స్పానింగ్-ట్రీ, షో వీల్యాన్ బ్రీఫ్ ఫలితాలు ఉంటే, స్విచ్ ఏం రాసుకుందో కాక ఏం చేస్తోందో తెలుస్తుంది. రెండో విడత 22 స్విచ్‌లకు ఇవన్నీ నేనే సేకరించి పంపాను. వారు స్క్రిప్టును సరిచేసి, ప్రతి ఫైలు మొదట్లో కరెంటు, ఎల్‌ఎల్‌డీపీ, స్నూపింగ్, పూర్తి వీల్యాన్ జాబితా ఉన్న భాగాన్ని చేర్చారు. రెండో రాత్రి పన్నెండు గంటలకు మొదలుపెట్టి మూడున్నరకే ముగించాం. తప్పు చెప్పగానే వాదన పెట్టుకోకుండా దిద్దుకున్నారన్నది ఇక్కడ తప్పక చెప్పాలి.

ఇంజనీరు నడతకు కూడా మంచి మాటే చెబుతాను. ప్రతి మార్పునూ కమిట్ కన్ఫర్మ్‌డ్‌తోనే చేశాడు. గడువులోగా, వేరే చెప్పకపోతే పది నిమిషాల్లోగా, మనం మళ్లీ ఖాయం చేయకపోతే స్విచ్ తనంతట తాను పాత స్థితికి వెళ్లిపోయే ఏర్పాటు అది. దూరపు భవనంలోని స్విచ్‌లో చేయి జారి మన దారినే మనం మూసుకున్నా, కాసేపు ఆగితే తలుపు తెరుచుకుంటుంది. ఒకసారి టీ తాగుతూ ఖాయం చేయడం మరిచిపోయాడు. సరిగ్గా నడుస్తున్న ఈసీఈ బ్లాక్ పదో నిమిషంలో మాయమై, ఏమైందో అర్థం కాక ఇద్దరం కప్పులు కింద పెట్టి పరుగెత్తాం. అయినా ఆ పద్ధతి మీద నా గౌరవం తగ్గలేదు.

రెండు విడతల మధ్య పదిహేను రోజులు పాతవీ కొత్తవీ కలిసి బతకవలసి వచ్చింది. ఆ కాలానికి సంస్థ ఇచ్చిన ప్రణాళిక బలహీనంగా ఉంది. సిస్కో వైపు వీల్యాన్‌కొక స్పానింగ్ ట్రీ (లింకుల్లో వలయాలు ఏర్పడకుండా చూసే ఏర్పాటు) నడిచే రాపిడ్-పీవీఎస్‌టీ, కొత్త వైపు అందరికీ కలిపి ఒకటే ఉండే ఆర్‌ఎస్‌టీపీ అని వారు రాసిచ్చారు. ఈ రెండూ వీల్యాన్ 1 దగ్గర మాత్రమే ఒకరి మాట ఒకరికి తెలుస్తాయి. మిగతా వీల్యాన్‌ల కోసం సిస్కో పంపే సందేశాలను ఆర్‌ఎస్‌టీపీ మాత్రమే తెలిసిన స్విచ్ ఎవరిదో ఉత్తరం అన్నట్టు ముందుకు తోసేస్తుంది. జూనిపర్‌లో పీవీఎస్‌టీతో కలిసి నడిచే వీఎస్‌టీపీ ఉంది, మాకున్నవి 19 వీల్యాన్‌లే, అందువల్ల ఆ పదిహేను రోజులకు వీఎస్‌టీపీ పెట్టమని నేను పట్టుబట్టాను. దారి ఖర్చుల లెక్క కూడా వేరు. పాత సిస్కో స్విచ్‌లు ఏమీ చెప్పకపోతే చిన్న లెక్క వాడతాయి, అందులో 1 గిగాబిట్ లింకు ఖర్చు 4; జూనిపర్ పెద్ద లెక్కలో అదే లింకు ఖర్చు 20000. ఈ రెండూ ఒకే గొలుసులో ఉంటే ట్రాఫిక్‌కు పాత స్విచ్‌ల దారి ఎప్పుడూ చవకగా కనబడుతుంది, తీసేయబోయే పెట్టెల మీదే భారమంతా పడుతుంది. పాత వాటిలో పాత్‌కాస్ట్ మెథడ్ లాంగ్ అని రాస్తే లెక్కలు కలుస్తాయి. దీన్ని ప్రణాళికలో పెట్టవలసింది వారు; పెట్టింది నేను.

ఇంత డబ్బు పెట్టకుండా సొంతంగా చేసుకోలేమా అని మా పాలకవర్గం అడిగింది. ఉచిత పరికరాలు ఉన్నాయి. కానీ నాపామ్ వంటివి వేర్వేరు బ్రాండ్ల స్విచ్‌లతో ఒకే పద్ధతిలో మాట్లాడటానికి పనికివస్తాయే తప్ప ఒకరి కాన్ఫిగరేషన్‌ను మరొకరి భాషలోకి మార్చవు. బాట్‌ఫిష్ మార్చిన తరువాత సరిచూడటానికి దివ్యంగా ఉంటుంది, అయితే అదీ ఫైళ్లనే చదువుతుంది; కెమెరాకు కరెంటు అందుతుందా అన్న ప్రశ్న దానికి తెలియదు. జూనిపర్ పాత ఈఎక్స్‌ల నుంచి కొత్త ఈఎక్స్‌లకు మారినప్పుడు వీల్యాన్ ఆదేశాల తీరే మారిపోయి, తన సొంత వాడుకరుల కోసమే ఒక అనువాద పరికరాన్ని ఇవ్వవలసి వచ్చింది. ఒకే ఇంటిలోనే ఇంత తేడా ఉంటే పక్కింటి సంగతి వేరే చెప్పాలా?

అరిస్టా కొని ఉంటే ఈ బాధ ఉండేది కాదని ఒక మిత్రుడు అన్నాడు. అరిస్టా ఆదేశాలు సిస్కో ఆదేశాలకు ఎంత దగ్గరంటే, సిస్కో 2014 డిసెంబరులో కోర్టుకెక్కింది. 2016 డిసెంబరులో జ్యూరీ అరిస్టా పక్షాన తీర్పు ఇచ్చింది. చివరకు 2018 ఆగస్టులో రెండు కంపెనీల మధ్య ఉన్న వ్యాజ్యాలన్నీ కలిపి 40 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. వేళ్లకు అలవాటైన ఆదేశాలే ఉండడం మేలే. కాకపోతే దగ్గరి మాటలే ఒక్కోసారి ఎక్కువ మోసం చేస్తాయి. శ్రీకాకుళం మనిషి ఆనపకాయ తెమ్మంటే సొరకాయ తేవాలి, చిత్తూరు మనిషి అనపకాయలు తెమ్మంటే చిక్కుడు జాతి కాయలు తేవాలి. స్విచ్‌లలో ట్రంక్ అన్న మాటదీ అదే తీరు. సిస్కోలో అది అనేక వీల్యాన్‌లు మోసే పోర్టు. హెచ్‌పీ పాత ప్రోకర్వ్ కుటుంబంలో అది రెండు మూడు కేబుళ్లను కలిపి కట్టిన ఒక్క లింకు. ఆ కుటుంబం నుంచి మారే కళాశాలలు మన రాష్ట్రాల్లో ఇంకా ఉన్నాయి. అక్కడ మాటకు మాట మార్చే స్క్రిప్టు ఎక్కడ తేలుతుందో ఊహించుకోవచ్చు.

ఐదు నక్షత్రాలకు నేను మూడున్నర ఇస్తున్నాను. ఫైళ్ల నాణ్యతకు, పట్టికకు, దిద్దుకునే గుణానికి నాలుగున్నర ఇచ్చేవాడిని. పాత స్విచ్ నడుస్తున్న స్థితిని చూడకుండా ఫైలును మాత్రమే చూసి పని ఒప్పుకున్నందుకు ఒక నక్షత్రం తగ్గించాను. పాత రహస్య పదాల విషయంలో నిర్లక్ష్యం ఆ అరను కూడా తినేదే, కానీ ఫైళ్లు శుభ్రం చేసి పంపడం వల్ల నష్టం జరగలేదు. ఫోను సాయం రెండు వారాలన్నారు, ఐజీఎంపీ సంగతి వారం తరువాత బయటపడినా మారుమాట లేకుండా సరిచేసిచ్చారు.

వచ్చే వేసవిలో మా పాలిటెక్నిక్ ప్రాంగణంలోని 17 స్విచ్‌లు మార్చాలి. అదే సంస్థకు ఇస్తున్నాం, ఒప్పందంలో మూడు షరతులు రాయించాను. ఫైళ్లతోపాటు స్విచ్ స్థితి చూపే ఆదేశాల ఫలితాలు కూడా వారే వచ్చి తీసుకోవాలి. ప్రతి భవనానికి ఒక్కొక్క స్విచ్‌ను ముందుగా బల్ల మీద పెట్టి, ఒక ఫోను, ఒక కెమెరా, ఒక యాక్సెస్ పాయింటు తగిలించి చూపించిన తరువాతే రాత్రి పనికి తేదీ ఇస్తాం. చివరి విడత డబ్బు, కెమెరాలన్నీ ఏడు రోజులు ఆగకుండా నడిచిన తరువాతే. మూడో షరతు దగ్గర కొంత బేరం జరిగి, ఏడు రోజులు ఐదయ్యాయి.